ఆయన జారలేదండి, నేనే తోశాను

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చినవి రెండే. ఒకటి కబడ్డీ, రెండోది కోపం. రెండింట్లో ఏది ముందొచ్చేదో చెప్పడం కష్టం. ఇంట్లో నన్ను చిచ్చుబుడ్డి అని పిలిచేవాళ్లు. (చిచ్చుబుడ్డి అయితే కాసేపు వెలిగి ఆరిపోతుంది, దీనికా సుగుణం కూడా లేదనేది మా అమ్మ.) పందొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఆ వయసులో ఎవరైనా నాది తప్పంటే, తప్పు నాదో కాదో ఆలోచించే ముందే చెయ్యి లేచేది. "ఆట కాళ్లతో ఆడవే, నోటితో కాదు" అనేవారు కాలేజీలో మాకు ఆటలు నేర్పే పీడీ మేడమ్. "కూతకెళ్లాలంటే నోరు కావాలి కదా మేడమ్" అనేదాన్ని. ఆవిడ నుదురు కొట్టుకుని అవతలికి వెళ్లిపోయేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ ఓర్పుకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అప్పట్లో మాత్రం నా జవాబుకి నేనే మురిసిపోయేదాన్ని.

మాది పర్చూరు పక్కన ఒక పల్లెటూరు. ఆడపిల్లల కబడ్డీ టీము కట్టినప్పుడు మొదట నవ్వినవాళ్లే, మేము రెండు ఊళ్ల మీద గెలిచేసరికి ట్రాక్టర్లు కట్టుకుని మా వెంట రావడం మొదలుపెట్టారు. వాళ్లందరికీ నాయకుడు మా మావయ్య, అంటే అమ్మకి స్వయానా తమ్ముడు. మిరపతోటకి మందు కొట్టే రోజైనా మానేసేవాడు గాని, మా ఆట మానేవాడు కాదు. కబడ్డీలో ఆయనకి తెలిసిన రూలు ఒక్కటే. మేనకోడలు అవుట్ కాదు. ఆ రూలు తెలియని రిఫరీలని ఆయన ఎన్నో ఊళ్లలో ఎన్నో రకాలుగా సంబోధించాడు. మేము సిగ్గుపడాల్సింది పోయి నవ్వుకునేవాళ్లం.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక హైస్కూలు గ్రౌండులో పెట్టిన పోటీల్లో ఫైనలుకి వెళ్లాం. అవతల వినుకొండ వైపు నుంచి వచ్చిన టీము. వాళ్ల కెప్టెన్ సన్నగా, పొడుగ్గా, నవ్వని అమ్మాయి. వాళ్ల నాన్న టైలరు. ప్రతి ఆటకీ కూతురితో వచ్చి, గోడవారన కూర్చుని, చప్పట్లు కూడా మెల్లగా కొట్టేవాడు. రిఫరీ ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. బక్కపలచటి మనిషి, దళసరి కళ్లద్దాలు. ఆయన్ని అందరూ ఈల మాస్టారు అనేవాళ్లు. అన్నం తినేటప్పుడు కూడా మెళ్లో ఈల తియ్యడని చెప్పుకునేవాళ్లు.

ఆట ఇంక ఒక్క కూత ఉందనగా ఇద్దరి పాయింట్లూ సమానం. కూతకి నేను వెళ్లాను. ఒకమ్మాయిని తాకాను. వెనక్కి తిరిగేలోపు ఆ కెప్టెన్ నన్ను పక్కకి తరుముకుంటూ వచ్చింది. తప్పించుకుని మా వైపుకి దూకాను. మావాళ్ల కేకలు, ఈలలు. వాటన్నిటి మధ్య మాస్టారి ఈల వినిపించింది. "అవుట్! మడమ గీత బయట పడింది."

ఇక్కడొక మాట చెప్పాలి. నా మడమ గీత బయట పడింది. కోర్టంతా తడిపి చదును చేశారు, బయట మాత్రం పొడి ఇసుక. మడమ కింద ఆ పొడి ఇసుక నాకు స్పష్టంగా తగిలింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద మాస్టారు కాక నేనొక్కదాన్నే. అయినా సరే వెళ్లి, రెండు చేతులతో ఆయన గుండెల మీద ఒక్క తోపు తోశాను. ఆయన వెనక్కి నడిచి నడిచి, గీతలు గీయడానికి తెచ్చిన ముగ్గుపిండి సంచి మీద వెల్లకిలా పడ్డారు. లేచేసరికి నెత్తి నుంచి నడుము దాకా తెల్లగా, విబూది పూసుకున్న సాధువులా ఉన్నారు. కళ్లద్దాల్లో ఒక అద్దం లేదు. ఆ స్థితిలో కూడా ఇంకోసారి ఈల ఊది, "అవుటే!" అన్నారు.

జనం ఘొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. అంతలో మావయ్య "నా మేనకోడల్ని అవుటంటావా!" అంటూ గ్రౌండులోకి దూకి, ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి విసిరాడు. మాస్టారి మీదికే విసిరాడు, కానీ మావయ్య గురి ఆయన రూల్స్ పరిజ్ఞానం లాంటిదే. అది వెళ్లి వినుకొండ కెప్టెన్ మీద పడబోయింది. ఆ పిల్ల తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది. కుర్చీ పడ్డ చప్పుడు వినిపించింది గాని, ఆ పిల్ల అరుపు వినిపించలేదు. చేతిని పొట్టకి అదుముకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. వాళ్ల నాన్న పరుగెత్తుకొచ్చాడు. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరికీ తెలియదు. ఆట ఆగిపోయింది. కప్పు ఇద్దరికీ కలిపి ఇస్తామని మైకులో చెప్పి, మైకు కూడా కట్టేశారు.

మర్నాటికి నేను మాస్టారిని తోసిన వీడియో డప్పుల మోతతో సహా అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మూడో రోజుకి బస్సాగే చోట ఫ్లెక్సీ వెలిసింది. "మా ఊరి ఆడపులి" అని పైన. కింద నా కాలేజీ గుర్తింపు కార్డు ఫోటో, అందులో నా కళ్లు సగం మూసుకుని ఉంటాయి. (నిద్రపోతున్న పులన్నమాట.) మూలన నల్లకళ్లద్దాలతో మావయ్య. ఊళ్లో ఎదురైనవాళ్లంతా "భలే తోశావే" అన్నారు. నేను అంతకుముందు పన్నెండు మ్యాచ్‌లు ఆడాను, భలే ఆడావని అన్నవాళ్లు అందులో సగం కూడా ఉండరు.

నాలుగో రోజు పీడీ మేడమ్ పిలిచారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఆ పిల్లకి కుడిచేతి చూపుడువేలు విరిగిందంట. వచ్చే వారం జిల్లా సెలక్షన్లు. ఇంక లేనట్టే" అన్నారు. అంతే, రిజిస్టరు తెరిచి పని చూసుకున్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. కుర్చీ నేను విసరలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు తోయకపోతే కుర్చీ లేచేదా అని ఇంకో గొంతు. ఆ రెండో గొంతు మా అమ్మ గొంతులా ఉండటం వల్ల దాంతో వాదించి గెలవడం నా వల్ల కాలేదు.

ఆదివారం పొద్దున పదకొండింటికి అదే స్కూలు స్టాఫ్ రూములో పోటీలు పెట్టిన కమిటీవాళ్లు విచారణ పెట్టారు. మావయ్య బండి మీద నన్ను తీసుకెళ్తూ దారంతా పాఠం చెప్పాడు. "ఏమడిగినా తలూపు. అన్నీ మాట్లాడేశాం. నువ్వు గమ్మునుంటే చాలు." గమ్మునుండటం నాకు చేతకాదని అంత దగ్గరి చుట్టానికి తెలియకపోవడం ఆశ్చర్యమే.

లోపల ఒక బల్ల వెనక కమిటీ ప్రెసిడెంటు గారు, పక్కన ఇద్దరు సభ్యులు. ఒకవైపు ఈల మాస్టారు, కళ్లద్దాలకి కొత్త అద్దం. ఇంకోవైపు ఆ పిల్ల, వాళ్ల నాన్న. వేలికి తెల్లటి కట్టు. ప్రెసిడెంటు గారు ముందే రాసిపెట్టుకున్న కాగితం చదివారు. రిఫరీ గారు ప్రమాదవశాత్తూ కాలుజారి పడ్డారని, అదే సమయంలో పెద్ద గాలి వీచి ఒక కుర్చీ ఎగిరి క్రీడాకారిణి చేతికి తగిలిందని, ఇందులో ఎవరి తప్పూ లేదని దాని సారాంశం. (ఆ రోజు ఎండకి ఆకు కూడా కదల్లేదు.) "మాస్టారూ, మీరు రాసిచ్చింది కూడా అంతేగదండీ?" అని అడిగారు. మాస్టారు తల దించుకుని "అంతేనండి. నేనే జారాను" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"జారలేదండి. నేను తోశాను."

"సరేలేమ్మా, కూర్చో" అన్నారు ప్రెసిడెంటు గారు, పిల్లలు పద్యం తప్పు చదివితే అన్నట్టు.

"నేను తోశానండి. వీడియో కూడా ఉంది."

"వీడియోలో ఏవేవో కలుపుతారమ్మా ఈ రోజుల్లో. కూర్చో."

"కలపలేదండి. డప్పులు మాత్రమే కలిపారు. రాసుకోండి."

మావయ్య నా చున్నీ పట్టుకు లాగాడు. "ఏందే నీ గోల? కూర్చో!" నేను చున్నీ విడిపించుకున్నాను. ఒక సభ్యుడు పెన్ను మూత పెట్టేసి, "రాసిందంతా మళ్లీ రాయాలంటే మధ్యాహ్నం దాటిపోద్ది" అని విసుక్కున్నాడు. తప్పు చేసి తప్పించుకోవడం ఎంత కష్టమో అప్పటిదాకా వినేదాన్ని. ఒప్పుకోవడం అంతకన్నా కష్టమని ఆ రోజే తెలిసింది. పుచ్చుకునేవాళ్లే లేరు!

"ఇంకోటి కూడా ఉందండి. నా మడమ గీత దాటింది. నేను అవుట్. నాకు ఆ క్షణంలోనే తెలుసు."

అది ఒప్పుకుంటే కప్పు మాది కాదని అందరికీ తెలుసు. అప్పుడు ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"మరి కుర్చీ ఎవరు విసిరారో కూడా నీకు తెలుసు కదా?"

నా వంతు వరకే చెప్పి కూర్చోవాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. మావయ్య వంతు మావయ్య ఇష్టం. కానీ ఆ పిల్ల నా కళ్లలోకి చూస్తోంది. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి నా పక్కనే ఉన్నాడు.

"మా మావయ్య" అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం కాదు. ఆయన రూలు పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క పేజీ నేను చింపేసినట్టు చూశాడు. లేచాడు. అరుస్తాడనుకున్నాను. ఆ పిల్ల చేతి కట్టు వంక చూసి, వాళ్ల నాన్నతో, "నేనేనండి. మీ పాపని కొట్టాలని కాదు. అసలు ఎవర్ని కొడుతున్నానో చూడనే లేదు" అన్నాడు. ఆ టైలరు నెమ్మదిగా, "చూడలేదు కాబట్టే తగిలిందండి" అన్నాడు.

కాగితం చింపి కొత్తది రాశారు. మధ్యాహ్నం దాటిపోయింది కూడా. కప్పు వినుకొండ వాళ్లది. నాకు ఏడాది పాటు ఆట నిషేధం. మావయ్యకి ఏడాది పాటు గ్రౌండులోకి ప్రవేశం నిషేధం. అబద్ధం రాసి ఇచ్చినందుకు మాస్టారికీ ఒక మందలింపు!

బయట వేపచెట్టు కింద మాస్టారి కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగారు. "వద్దమ్మా, నువ్వు దగ్గరికొస్తే నాకు భయం" అన్నారు. నవ్వుతున్నారో లేదో తెలియలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు తోశావని రాస్తే మీ ఊరోళ్లు మా ఇంటికొస్తారనుకున్నా. జారానని రాశా. భయపడ్డ రిఫరీ ఈల ఊదకూడదమ్మా. ఈ వారం రోజులూ ఈల మెళ్లో వేసుకోలేదు నేను" అన్నారు. జేబులోంచి తీసి చూసుకుని, మెళ్లో వేసుకుని, సైకిలెక్కి వెళ్లిపోయారు.

ఆ పిల్ల దగ్గరికి వెళ్లి సారీ అన్నాను. "సారీ అంటే సెలక్షన్లు వెనక్కి వస్తాయా?" అంది. రావన్నాను. "మరి ఎందుకు చెప్పావు?" అంది. జవాబు లేకపోవడం నాకు అదే మొదటిసారి. ఆ పిల్ల వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

ఊళ్లో కొన్నాళ్లు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఆడపులి కాస్తా ఇంటిదొంగ అయింది. మావయ్య తొమ్మిది రోజులు మా గడప తొక్కలేదు. పదో రోజు తనే నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ విప్పి, తెచ్చి మా వాకిట్లో పడేసి, "కళ్లాల్లో మిరపకాయల మీద కప్పుకోడానికి పనికొస్తదిలే" అన్నాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. అంతటితో రాజీ అయిపోయింది.

మరుసటేడు ఫైనలు నాటికి నా నిషేధం ఇంకా వారం రోజులుంది, మావయ్యదీ అంతే. గ్రౌండులోకి పోకూడదన్నారు గాని చూడకూడదనలేదని ఆయన వాదన. స్కూలు ప్రహరీ బయట ట్రాక్టరు ఆపి, ఇద్దరం ఇంజను మీదెక్కి చూశాం. అరవనని నాకు మాటిచ్చాడు. మావాళ్లు పాయింటు పోగొట్టుకున్నప్పుడల్లా తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. ఆట అయ్యేసరికి తువ్వాలు తడిసిపోయింది. మేం ఓడిపోయాం. గెలిచిన టీము కెప్టెన్ గోడ మీదుగా మమ్మల్ని చూసి, కాస్త వంకరగా అతుక్కున్న చూపుడువేలు ఎత్తి చూపించింది. పలకరించిందో, గుర్తుచేసిందో! మావయ్య మాత్రం తువ్వాలు తీసి, "బాగా ఆడావమ్మా" అని అరిచాడు. అవతలి టీముని ఆయన మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు. ఆ నెలలోనే ఆ పిల్ల జిల్లా టీముకి ఎంపికైందని మేడమ్ చెప్పారు. ఏడాది ఆలస్యంగా.

ఇప్పుడు నేను గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మోకాళ్ల నొప్పులు వచ్చాయి, కోపం తగ్గింది, మర్యాద పెరిగింది. మొన్న ఒక ముసలి రైతు మిరప బస్తాల్ని వేరే గదిలో పెట్టినట్టు నేను కంప్యూటర్లో తప్పు ఎంటర్ చేసి, ఆ పెద్దాయన ఎండలో గంటసేపు తిరిగి తిరిగి వచ్చి అడిగితే, "సిస్టమ్ హ్యాంగయిందండి" అని చల్లగా చెప్పేశాను. ఆయన నమ్మి, "మిషన్లతో ఇదేనమ్మా గోల" అని నన్నే ఓదార్చి వెళ్లిపోయాడు. కంప్యూటరు ముందు ఒక్కదాన్నే కూర్చుంటే, చున్నీ విడిపించుకుని నిలబడ్డ ఆ పందొమ్మిదేళ్ల మొండిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వు పూర్తిగా రాలేదు. లేచి, చెప్పులేసుకుని, ఆ పెద్దాయన ఇంకా గేటు దాటలేదేమో చూద్దామని గబగబా బయటికి నడిచాను.