హెప్సిబా కొట్టిన ముద్ర

మా హెప్సిబా ప్రశాంతంగా నిద్రపోయే మనిషి కాదు. ఫోన్లలో తిరిగే వార్తల్లో ఏది నిజమో, ఏది అబద్ధమో తేల్చి ముద్ర వేయడం హన్మకొండలోని మా చిన్న ఆఫీసు పని. ముద్ర వేశాక కూడా 'సరిగ్గానే చూశామా?' అంటూ నా ప్రాణం తీస్తుంది. అంతటి మనిషే ఈసారి పప్పులో కాలేసింది.

మట్టెవాడలో ఒక గల్లీ బోరులో మురుగు కలిసిందని వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. దాంతోపాటు గోధుమరంగు నీళ్ల సీసా ఫోటో. వెతికితే ఆ ఫోటో వేరే రాష్ట్రంలో ఎప్పుడో తీసినదని తేలింది. ఇంకేం, ఎర్రగా 'అబద్ధం' అని కొట్టేసింది. ఫోటో పాతదైతే మాట కూడా అబద్ధమేనా? కాదని మా పనిలో మొదటే నేర్పుతారు!

తెల్లారి ఆ గల్లీలోనే ఉండే వాళ్ల పెద్దమ్మ దీనమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, నువ్వు అబద్ధమన్నవని ఆ నీళ్లే తాగినం. మీ పెద్దనాయినకు ఒకటే వాంతులు, దవాఖానల ఏసినం. నీళ్లతోనే అయ్యిందన్నడు డాక్టరు."

హెప్సిబా ముఖాన నెత్తుటి చుక్క లేదు. మా ఎడిటర్ శ్యాంసుందర్ మాత్రం తాపీగా, "సప్పుడు చేయకుండ ముద్ర మార్చెయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

హెప్సిబా ఒప్పుకోలేదు. "అట్ల కాదు సార్. తప్పు మాదే అని పైన్నే రాయాలె. లేకుంటే ఆ నీళ్లు తాగుడు ఆపరు" అని, ఆమె అలాగే రాసి అన్ని గ్రూపుల్లో పెట్టింది. 'అబద్ధం' అన్నది ఊరంతా పంచుకుంది. సవరణను ఎవరూ ముట్టలేదు. ఫోన్ చూసీ చూసీ, ఇక కూర్చోలేక మట్టెవాడ బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను.

మొదటి ఇంట్లో శకుంతల అనే ఆవిడ తలుపు తీసింది.

"అక్కా, బోరు నీళ్లు తాగకుండ్రి. మురుగు కలిసింది" అంది హెప్సిబా.

శకుంతల తన ఫోన్లో ఎర్ర ముద్ర చూపించింది. "ఇగో, అబద్ధమని నిన్ననే తేలింది. దవాఖానల ఉన్నోళ్లకు మొన్న తిన్న పెండ్లి భోజనం పడలేదంట. ఎందుకమ్మా జనాలను భయపెడతాన్రు?"

"ఆ ముద్ర కొట్టింది నేనే అక్కా. తప్పు కొట్టిన."

"నిన్న అబద్ధమంటివి, ఇయ్యాల నిజమంటానవు. రేపేమంటవు?" అని ఆవిడ తలుపేసుకుంది.

లోపల చిన్నపిల్ల గొంతు "అమ్మా, నీళ్లు" అంది.

హెప్సిబా మళ్లీ తలుపు కొట్టింది. తీయలేదు. ఇంకా గట్టిగా కొట్టింది.