బోల్టు కిందికి రాని వైరు

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ కింద ఆరు కార్లకు చోటు ఉంది. కార్లు తొమ్మిది ఉన్నాయి. అందుకని ఒకదాని ముందు ఒకటి పెట్టుకుంటాం. మా పాత కారుది లోపలి గోడ పక్క చోటు. గోడకు వీపు ఆనించినట్టు వెనక్కి నడిపి పెట్టాలి. మా ముందు మూడో అంతస్తువాళ్ళ కారు వచ్చి ఆగిందంటే, వాళ్ళు దిగి వచ్చి తీసేదాకా మేం కదలలేం.

ఆ ఆదివారం పొద్దున మూడో అంతస్తువాళ్ళు పెళ్ళికి వెళ్ళారు, కారు మాత్రం అక్కడే ఉంది. నేను మా డిక్కీకీ గోడకీ మధ్య మూరెడు సందులో ఇరుక్కుని కూర్చున్నాను. డ్రైవింగ్ సీట్లో నా భార్య. ఆమె బ్రేక్ నొక్కాలి, వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో నేను చూడాలి. నిజం చెప్పాలంటే అవి బాగానే ఉన్నాయని రుజువు చేయడానికే కూర్చున్నాను.

అంతకు నాలుగు రోజుల ముందు ఆమె హైదర్‌గూడలో వాళ్ళ అక్క ఇంటి నుంచి వస్తూ, నారాయణగూడ చౌరస్తా దాటాక ఒక బస్సు అడ్డం వస్తే బ్రేక్ వేసింది. వెనక స్కూటీ మీద వస్తున్న అమ్మాయి వచ్చి గుద్దుకుంది. ఫోన్ రాగానే ఆఫీసు నుంచి వెళ్ళాను. ఆ అమ్మాయి ఫుట్‌పాత్ మీద కూర్చుని కుడి మణికట్టు పట్టుకుని ఉంది. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్ పరీక్షకు చదువుతోందట.

"సార్, బ్రేక్ లైట్ వెలగలే. ఆగుతున్నరని నాకెట్ల తెలుస్తది?" అంది.

"వెలగకపోవుడేంది? ముందు బండికి జర దూరం ఉండాలె గదమ్మా" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నా భార్య వైపు తిరిగి, అందరూ వింటుండగానే, "గట్ల ఒక్కసారే తొక్కితే ఎట్ల? ఎన్నిసార్లు చెప్పిన నీకు?" అన్నాను.

"ఇంటికి పోయినంక తిట్టుకో అన్నా, ముందు బండి పక్కకు తియ్!" అని వెనక ఆగిన ఆటోవాడు అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా భార్య నవ్వలేదు. ఆ అమ్మాయి దగ్గర కూర్చుని, "తప్పు నాదేనమ్మా" అంది. ఆ సాయంత్రం అమ్మాయి చేతికి పట్టీ వేయించి ఇంటికి వచ్చాక కారు తాళం టీవీ పక్కన పెట్టి, "ఇగ నేను నడపను" అంది. నలభై మూడేళ్ళకు నేర్చుకున్న డ్రైవింగ్ అది. రెండేళ్ళుగా అడిక్‌మెట్‌లో తను పాఠాలు చెప్పే బడికి రోజూ తనే నడుపుకుంటూ వెళ్ళేది.

ఆదివారం సంగతికి వస్తాను.

"నొక్కు" అన్నాను సందులోంచి.

"నొక్కిన."

"గట్టిగ నొక్కు."

"ఆ రోజేమో గట్టిగ తొక్కినవని తిడితిరి, ఇయ్యాలేమో గట్టిగ తొక్కమంటున్నరు. ఏదో ఒకటి చెప్పున్రి."

బ్రేక్ లైట్లు రెండూ వెలగలేదు. వాటి బదులు పక్కనున్న పసుపు ఇండికేటర్లు ఆరిపోయే దీపాల్లా మసకగా మెరిశాయి. బల్బులు తీసి చూశాను, బాగానే ఉన్నాయి. ఫ్యూజు బాగానే ఉంది. ఒక లైటుకు ఇవ్వాల్సిన కరెంటు ఇంకో లైటులోకి పోతోందంటే ఎర్త్ వైరు ఊడిందని అర్థం. అంతమాత్రం నాకు తెలుసు. డిక్కీ లోపలి కార్పెట్ ఎత్తాను.

లైట్లన్నిటికీ ఎర్త్ ఇచ్చే లావుపాటి నల్ల వైరు కారు బాడీకి బిగించిన బోల్టు కింద ఉండాలి. లేదు, పక్కన వేలాడుతోంది. బోల్టు కింద వేరే సన్నటి వైరు బిగించి ఉంది. దానికి చుట్టిన ఎర్ర టేపు నాది.

ఆ ఆదివారానికి ఇరవై రోజుల ముందు రివర్స్ ట్యూన్ పెట్టాను. మా పార్కింగ్‌లో ప్రతి కారూ వెనక్కి వస్తుంటే ఏదో ఒక పాట పాడుతుంది, మాది మాత్రం మూగగా వచ్చేది. ముషీరాబాద్‌లో ఒక దుకాణంలో భజన ట్యూన్ కొని, మెకానిక్ ఎందుకు అనుకుని నేనే బిగించాను. దాని వైరు కోసం బోల్టు విప్పాను. మళ్ళీ బిగించేటప్పుడు ట్యూన్ వైరు పెట్టాను, నల్ల వైరు పెట్టడం మరిచిపోయాను. గేరు వేయగానే భజన గట్టిగా మోగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బ్రేక్ లైట్లు చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ రోజు నుంచీ నా భార్య ఆ లైట్లు లేని కారునే నడిపింది.

"దొరికిందా?" అని అడిగింది సీట్లోంచి. తెరిచిన డిక్కీ మూత మా ఇద్దరికీ అడ్డంగా ఉంది. "మీరేమన్న చేసిన్రా దీనికి?"

వీపు గోడకు, మోకాళ్ళు బంపరుకు ఒత్తుకుని ఊపిరి ఆడటం లేదు. ముందు మూడో అంతస్తు కారు, వెనక గోడ. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. "ఒక బల్బు పోయింది. ఇంకోటి మంచిగనే ఉంది" అన్నాను.

ఆమె బ్రేక్ మీంచి కాలు తీసింది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది: "ఒక్కటి వెలిగినా వెనకోళ్ళకు తెలుస్తది గదా. అంటే నేనే ఒక్కసారిగ తొక్కిన."

నల్ల వైరు బోల్టు కిందికి తెచ్చి బిగించాను. ట్యూన్ పీకేశాను. లైట్లు ఎర్రగా వెలిగాయి. ఆమె దిగి పైకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజూ పొద్దున నేనే ఆమెను అడిక్‌మెట్‌లో దింపేవాణ్ణి. సాయంత్రం బడి నుంచి నేరుగా అశోక్‌నగర్. ఆ అమ్మాయి కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి రాసుకోలేదు. ఆ అమ్మాయి చదివి చెబుతుంటే నా భార్య గంటసేపు నోట్సు రాసిపెట్టేది. నేను హాస్టల్ ఉన్న సందులో కార్లో కూర్చునేవాణ్ణి. అటు జిరాక్స్ షాపు, ఇటు మిర్చీ బండి, ముందూ వెనకా బైకులు. తలుపు సగం కూడా తెరుచుకునేది కాదు. హాస్టల్ మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని తిరిగేవాళ్ళను చూస్తూ, ఇవాళ చెప్తాను అనుకునేవాణ్ణి. నా భార్య వేళ్ళకు సిరా మరకలతో వచ్చి వెనక సీట్లో కూర్చునేది. ముందు సీట్లో కూర్చోవడం కూడా మానేసింది. చెప్పేవాణ్ణి కాదు.

దాదాపు మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం ఆమె కార్లోకి వచ్చి కూర్చుంటూ, "పిల్లకు పరీక్ష దగ్గరికొచ్చింది. వేళ్ళు ఇంకా మడుస్తలేవు. నా చేతుల మీద పాపం పడ్డది" అంది. అప్పుడు చెప్పాను. అయితే అప్పుడు కూడా సగమే చెప్పాను. నల్ల వైరు సంగతి, ట్యూన్ సంగతి చెప్పి, "నిన్న డిక్కీ సర్దుతుంటే కనపడ్డది" అన్నాను.

ఆమె అరవలేదు. "దిగున్రి" అంది. "నాకు కాదు, ఆమెకు చెప్పున్రి."

హాస్టల్ మెట్ల మీద ఆ అమ్మాయి ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని కూర్చుంది. నిలబడే అంతా చెప్పాను. రోడ్డు మీద తనదే తప్పన్నట్టు మాట్లాడినందుకు క్షమించమన్నాను. విన్నంతసేపు నా ముఖమే చూసింది.

"మంచిది సార్, చెప్పిన్రు" అంది చివరికి. "ఎప్పటి సంది తెలుసు మీకు?"

'నిన్న' అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. పక్కనే నా భార్య ఉంది. ఆ అమ్మాయి కట్టు మాసిపోయి అంచులు నల్లబడ్డాయి.

"పంతొమ్మిది రోజుల సంది" అన్నాను.

నా భార్య నా వైపు తిరగలేదు. చెయ్యి మాత్రం చాచింది. తాళం ఇచ్చాను.

"అక్కా, రేపు వస్తవా మరి?" అని ఆ అమ్మాయి కొంచెం భయంగా అడిగింది.

"ఎందుకు రాను? రెండు చాప్టర్లు మిగిలినయి. నేనే నడుపుకుంట వస్త" అంది.

నన్ను ఎక్కమనలేదు. బైకులు అడ్డం ఉండటంతో ఆ సందులోంచి కారు బయటికి తీయడానికి ముందుకూ వెనక్కూ ఆరేడుసార్లు తిప్పాల్సి వచ్చింది. స్టీరింగ్ ఎటు తిప్పాలో చేత్తో చూపిద్దామని ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాను. మిర్చీ బండి ఆయన పెనం కాస్త పక్కకు జరుపుకున్నాడు. ఆమె ఎవర్నీ గుద్దకుండా బయటికి తీసుకుని వెళ్ళిపోయింది.