కాగితం మానేసిన పత్రిక

జగిత్యాలలో మేం సాహిత్య మిత్రులం నడిపే చిన్న పత్రికను అచ్చు వేయడం మానేసి, వెబ్‌సైటులో పెట్టాలని తీర్మానించాం. చెట్లు బతుకుతాయి, పత్రిక కలకాలం నిలుస్తుంది అని నేనే ఉపన్యాసమిచ్చాను. ఆ సంగతి ఊరందరికీ తెలియాలని ఆహ్వానపత్రాలు, ఫ్లెక్సీలు మాత్రం ఘనంగా అచ్చు వేయించాం.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత సైటు చూసుకునే మిత్రుడు కొలువు దొరికి దుబాయి వెళ్లాడు. సైటు గడువు పొడిగించాలని మాకెవరికీ తట్టలేదు. ఓ పొద్దున చూస్తే అది మాయమైంది. ఫోన్ చేస్తే, "పాస్‌వర్డ్ యాదికి లేదన్నా" అన్నాడు.

కోరుట్లలో ఒక రిటైర్డు టీచరమ్మ ప్రతి సంచికనూ ప్రింటు తీయించి, కుట్టించి పెట్టుకున్నారని తెలిసి పరుగెత్తాం.

"ఫోన్ల సదివితె కండ్లు గుంజుతున్నయని తీపిచ్చిన" అన్నారామె.

"ఒక్క వారం ఇయ్యున్రి మేడం. స్కాన్ చేసి మళ్ల ఇంటర్నెట్ల పెడ్తం" అన్నాను.

"ఇయ్య. మీరు పోగొట్టేటోళ్లు. గీడనే కూసోని ఫోటోలు తీసుకోన్రి."

ఆమె వరండాలో సాయంత్రం దాకా కూర్చుని మా పత్రికను పేజీ పేజీ ఫోన్లోకి ఎక్కించుకున్నాం. మధ్యలో ఆమె చాయ్ ఇచ్చి, పనిలో పనిగా అచ్చుతప్పులు కూడా చూపించారు.