కార్ల షెడ్డులో కాఫీ గింజలు

మా అమ్మ తమ్ముడు అల్లాబకాష్ మామూ ఆత్మకూరులో లారీ నడిపినన్నాళ్లూ, డిపో దగ్గర నారాయణయ్య హోటల్లో కాఫీ తాగందే స్టీరింగు పట్టేవాడు కాదు. కువైట్‌లో ఒక ఇంటికి కారు డ్రైవరుగా పోయేటప్పుడు పెట్టెలో మొదట సర్దుకున్నది ఇత్తడి ఫిల్టరే.

ఎనభై రెండులో సెలవుకు వచ్చాడు. నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి ఇంట్లో ఉన్నాను. చూడవచ్చినవాళ్లు జీతం అడిగారు, బంగారం అడిగారు. మళ్లీ పోతావా అని అమ్మ అడిగితే నవ్వేశాడు. నేను మాత్రం తెరిచిన పెట్టెలో ఫిల్టరు కనబడలేదే అనుకుంటూ తలుపు వారన నిలబడి విన్నాను.

తీసుకుపోయిన పొడి రెండు నెలలకే అయిపోయిందట. యజమాని ఇంట్లో ఖహ్వా అనే అరబ్బు కాఫీ ఇచ్చేవారు. గుప్పెట్లో పెడితే కనబడనంత చిన్న కప్పు. పాలు లేవు, చక్కెర లేదు, ఏలకుల వాసన. "గడ్డి ఉడకబెట్టిన నీళ్లు!" అన్నాడు మామూ. మలయాళీ హోటళ్లన్నీ తిరిగితే అంతా టీనే. తలనొప్పితో కారు నడపలేక, ఇంకో నెల చూసి ఇంటికి వచ్చేద్దామనుకున్నాడు.

ఒకరోజు వంటింటి సరుకులు మోస్తుంటే మూట చిరిగి పచ్చి కాఫీ గింజలు రాలాయి. మనం నల్లగా వేయిస్తాం, వాళ్లు దోరగా ఉండగానే దించేస్తారు. అంతే తేడా!

"అయితే నువ్వే వేయించినావా మామూ?" నాకు తెలియకుండానే అడిగేశాను.

"అదే కదమ్మే నా ఖర్మ!"

"పొయ్యి దగ్గరికి ఎప్పుడన్నా వచ్చి ఉంటే కదా వీడు!" అమ్మ పకపకా నవ్వింది.

మేము గింజలు పెరట్లో వేయిస్తాం, పొగ పైకి పోతుంది. మామూ ఎవరూ చూడకూడదని కార్ల షెడ్డు తలుపులు మూసి, కిరోసిన్ స్టవ్ మీద పెనం పెట్టాడు. గింజలకు నూనె మెరుపు వచ్చేసరికి పొగ కిటికీలోంచి ఇల్లంతా కమ్మేసింది. కారు అంటుకుందని యజమాని తల్లి, ముసలామె, చేతికర్రతో పరుగెత్తుకొచ్చింది.

"పని పోయిందనుకున్నా. మంచి గింజలు మాడబెట్టినావని ఒకటే తిట్లు. ఏం చేయాలో తోచక, అక్కడే గింజలు దంచి, డికాషన్ దించి, డబ్బా పాలు కలిపి ఆమె చేతికిచ్చినా."

"తాగిందా?" అన్నాను.

"వాసన చూసింది. ఒక్క గుటక మింగి, మొహం ఇట్లా పెట్టి, గ్లాసు నాకే ఇచ్చేసి పోయింది."

"మరి పని?" అంది అమ్మ.

"తెల్లారి కారు తుడుద్దామని పోతే నా సీటు మీద చిన్న గుడ్డమూట. విప్పితే పచ్చి గింజలు. షెడ్డు తలుపులు రెండూ ఎవురో బార్లా తీసిపెట్టి ఉండారు."

నేను ఉండబట్టలేక, "ఫిల్టరేది మామూ?" అన్నాను.

"ఆ షెడ్డులోనే, స్టవ్ పక్కన పెట్టొచ్చినా," అన్నాడు.