అనుసూయాబాయి కడిగిన గుడి

నాందేడు జిల్లాలో మర్ఖేల్ దాటి తెలంగాణ వైపు పోయే దారిలో, సోయాబీన్ చేల నడుమ ఒక నల్లరాతి శివాలయం ఉంది. చాళుక్యుల కాలం నాటిదంటారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ గుడిని కడుగుతున్న మనిషి అనుసూయాబాయి.

ఆ పనికి ఆమెను ఎవరూ పెట్టలేదు. ఆమె పెళ్ళై వచ్చిన కొత్తలో గుడి కడగడం పదకొండు ఇళ్ళ వంతు, వారానికొక ఇల్లు. తరువాత ఒక ఇల్లు దెగ్లూరుకు మారిపోయింది, ఒక ఇంటికి తీరిక పోయింది, ఇంకో ఇంట్లో మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఎవరూ చెయ్యని వంతులన్నీ, వాన నీళ్ళు పల్లానికి చేరినట్టు, ఆమె దగ్గరికి వచ్చి నిలిచాయి.

"మనింట్ల గిన్నెలు గట్లనే ఉన్నయి, నువ్వు దేవుని గోడలు తోముతున్నవ్" అని భర్త ఎంకన్న వెక్కిరించేవాడు.

"గిన్నెలు నువ్వు తోమితే చెయ్యి అరుగుతదా?" అనేది ఆమె.

కొన్నాళ్ళకు ఎంకన్న నిజంగానే గిన్నెలు తోమడం నేర్చుకున్నాడు. బాగానే తోమేవాడు కూడా.

కొబ్బరి పీచు, బొక్కెన, ఒక పాత చీర ముక్క. పొద్దున్నే చల్లగా ఉండే రాయి, నీళ్ళు పడగానే వర్షాకాలపు మబ్బులా నల్లబడేది. కడగడం అయ్యాక అనుసూయాబాయి గోడకు వీపు ఆనించి కూర్చుని, తెచ్చుకున్న జొన్నరొట్టె తినేది. ఆ కాసేపు ఆమెకు ఎవరితోనూ పని ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట గుడి ఒక పక్కకు ఒరిగింది. ఈ ఏడాది నాందేడు నుంచి ప్రాజక్త అనే ఇంజనీరు వచ్చింది. అక్కడి బజారులో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి, ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. ఆమెతో శంకర్రావు మేస్త్రి వచ్చాడు. కంధార్ కోట గోడలకూ బిలోలి మసీదుకూ సున్నం పని చేసిన చెయ్యి. గుడిని రాయి రాయిగా విప్పి, పునాది గట్టి చేసి, మళ్ళీ ఎక్కడి రాయి అక్కడే పేర్చాలి. వానలు పడకముందే కప్పు పూర్తి కావాలి.

లింగాన్ని రేకుల షెడ్డులో ఉంచారు. రాళ్ళను పక్క పొలంలో వరుసగా పరిచారు. శంకర్రావు ఒక్కో రాయి మీద సుద్దతో నంబరు వేశాడు. చెరిగిపోకుండా రంగుతో రాయాలి కానీ రంగు డబ్బా దెగ్లూరు నుంచి ఇంకా రాలేదు. ఇంతలో శివరాత్రి వచ్చింది. పనివాళ్ళంతా ముందు రోజు మధ్యాహ్నమే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

అనుసూయాబాయి పొలం గట్టున నిలబడి చూసింది. దేవుడు షెడ్డులో ఉన్నాడు, సరే. దేవుని ఇల్లు దుమ్ములో పడుకుని ఉంది. పండుగ పూట అలా ఎలా వదిలేస్తుంది? బొక్కెన తెచ్చింది.

పండుగ దాటి పనిలోకి వచ్చిన ప్రాజక్తకు ఒక వరుస మొత్తం తళతళలాడుతూ కనిపించింది. ముప్పై ఒక్క రాళ్ళు. ప్రతి రాయికీ మూడు విభూతి రేఖలు. నంబరు ఒక్కదానికీ లేదు.

"అవ్వా, నంబర్లేవి?"

"ఏ నంబర్లు బిడ్డా?"

"సుద్దతోని రాసినయి."

"గవా? తోమిన. దెగ్లూరు మోంఢా అంగట్ల గింజల సంచుల మీద రాస్తరు గద. తూకమైనంక వాటిని ఎవరు సూస్తరు? మీది గూడ అయిపోయిందనుకున్న."

శంకర్రావు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "కంధార్ కోట మీద పాముల నడుమ పని చేసిన. ఏం కాలే. ఈడికొచ్చి కొబ్బరి పీచుకు దొరికిపోయిన."

ప్రాజక్త నవ్వలేదు. బొమ్మలు చెక్కిన రాళ్ళయితే విప్పకముందు తీసిన ఫొటోల్లో పోల్చుకోవచ్చు. ఇవి గోడ అడుగు వరుసల సాదా రాళ్ళు. ఫొటోలో అన్నీ ఒకే తీరు. ఒకదాని చోట ఒకటి పెడితే సందులు మిగిలి, గోడ మళ్ళీ ఒరుగుతుంది.

"ఇగ రాళ్ళ దిక్కు రావద్దు అవ్వా" అంది. "గుడి లేచినంక గూడ కడుగుడు వద్దు. మేమే ఒక మనిషిని పెడ్తం."

అనుసూయాబాయి బొక్కెన తీసుకుని ఇంటికి వచ్చింది. మూడు రోజులు ఇంట్లోని గిన్నెలన్నీ తోమింది, తోమినవే తోమింది. పొద్దున లేచేసరికి చేతులు నీళ్ళ కోసం వెతుక్కునేవి.

"నా గిన్నెలు నాకియ్యి" అన్నాడు ఎంకన్న నాలుగో రోజు. "నువ్వు పోయి ఆ పిల్లతోని మాట్లాడు. ఆ రాళ్ళు నీకు తెల్వకుంటే ఎవరికి తెలుసు?"

ఆమె వెళ్ళి గట్టు దాటకుండా నిలబడింది. "బిడ్డా, ఆ కొసకున్నది వాకిలికి కుడిపక్క రాయి."

"ఎట్ల తెలుసు?"

"దీపం నూనె దాని మీదనే కారుతది. ఎంత రుద్దినా ఆ జిడ్డు ఇడవది. తాకి సూడు."

ప్రాజక్త వేళ్ళతో తాకింది. నమ్మబుద్ధి కాలేదు. ఆమెను దగ్గరికి పిలిచి, ఫొటోలో ఆనవాలు దొరికే మూడు రాళ్ళను వేరే వరుస నుంచి చూపించి, ఇవెక్కడివని అడిగింది. అనుసూయాబాయి కళ్ళతో కాదు, అరచేత్తో చూసింది. మూడూ సరిగ్గా చెప్పింది.

ఆ పొద్దు నుంచి ఆమె రోజూ గట్టు దాటి రాళ్ళ దగ్గరికి వచ్చేది. ఇది నాచు పట్టే రాయి, ఉత్తరం దిక్కుది. ఇది మధ్యాహ్నం చెయ్యి కాలే రాయి, దక్షిణం దిక్కుది. దీని అంచు పీచును కొరుకుతుంది, మూల మలుపుది. ఆమె చెబుతుంటే శంకర్రావు సరిచూసేవాడు. పాతకాలంలో రెండు రాళ్ళను కలుపుతూ ఇనుప పట్టీ దింపేవారు. దాని గుంత సగం ఈ రాయిలో, సగం పక్క రాయిలో ఉంటుంది. ఆమె చెప్పినట్టు పెడితే రెండు సగాలూ కలిసేవి.

ఇరవై తొమ్మిది రాళ్ళు చోటు చేరాయి. రెండు మిగిలాయి. ఒకటి పడమటిది, ఒకటి దక్షిణానిది; ఏది ఏదో తేలలేదు. కొలత ఒకటే, గుంతలు ఒకటే. అనుసూయాబాయి రెండిటినీ తడిపి చూసింది, తుడిచి చూసింది.

"చేతికి తెలుస్తలేదు" అంది.

"ఇంత చేసినవు వదినా, జర కూసో" అన్నాడు శంకర్రావు.

ఆమె కూర్చుంది, రెండు రాళ్ళలో ఒకదానికి వీపు ఆనించి. ఒక్క క్షణం ఆగి, లేచి, రెండో దానికి ఆనుకుంది. కళ్ళు మూసుకుంది. మొహం మెల్లగా విచ్చుకుంది.

"గిదే. నా రొట్టె తినే రాయి. పడమటి దిక్కుది. ఈడ జర లోతుంటది."

"వీపుతోని గూడ సదువుతవా వదినా" అన్నాడు శంకర్రావు.

ప్రాజక్త మోకాళ్ళ మీద కూర్చుని రాయికి అడ్డంగా స్కేలు పెట్టింది. స్కేలు కింద, నడుమ, సన్నగా వెలుతురు కనిపించింది. గోరు మందం కూడా లేని లోతు. ముప్పై నాలుగేళ్ళ పొద్దులు కూర్చున్నంత లోతు.

ఆ నెలాఖరుకు గోడలు లేచాయి, వానలకు ముందే కప్పు పూర్తయింది. మొదటి వాన కొత్త కప్పు మీద పడినా ఒక్క చుక్క లోపలికి రాలేదు. మరునాడు ప్రాజక్తే బొక్కెన పట్టుకుని అనుసూయాబాయి ఇంటికి వచ్చింది. ఎంకన్న ముగ్గురికీ టీ పెట్టాడు.

"దసరా అయినంక ముందటి మండపం విప్పుతం అవ్వా" అంది ప్రాజక్త. "ఈసారి ముందుగాల నువ్వు చెప్పు. నేను రాసుకుంట."

అనుసూయాబాయి బొక్కెనలో పీచు వేసుకుంటూ అంది: "రాయి బిడ్డా. కానీ రంగుతోనే రాయి. నా చెయ్యి ఊకోదు."