లిల్లీ ఆంటీ పాడే గొంతు

2017. సౌదీలో రాబిగ్ అనే ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఆడవాళ్ళ సర్జికల్ వార్డు. సౌదీవాళ్ళకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలుతో అది పాటించని కంపెనీలు ఎర్ర రంగులో పడి, మనవాళ్ళ వీసాలు ఆగిపోతున్నాయి. వెంట ఉన్న ఇంటివాళ్ళ మీద తలకి ఇంతని లెవీ కూడా కొత్తగా మొదలైంది. భార్యల్ని ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా ఊరికి పంపేసే మగవాళ్ళు ఇన్సూరెన్సు ఉండగానే వాళ్ళకి పళ్ళూ కళ్ళూ గడ్డలూ అన్నీ చూపించేసేవారు. మా నర్సులకి ఊపిరి సలిపేది కాదు.

అలా వచ్చింది లిల్లీ ఆంటీ. వాళ్ళాయన ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్. ఆవిడ థైరాయిడ్‌లో నిమ్మకాయంత గడ్డ. హెమీథైరాయిడెక్టమీ, అంటే గ్రంథిలో సగం తీసేయాలి.

భయాలేమైనా ఉన్నాయేమో అడగమన్నాడు మా సూడానీ సర్జన్. ఆంటీకి ఇంగ్లీషు రాదు, నేనే దుబాసీని. గొంతు పోకూడదంది. నేను థ్రోట్ అని చెప్పాను. మింగడానికి ఏ ఇబ్బందీ ఉండదన్నాడాయన. అది చెప్పగానే ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"అన్నం మింగే గొంతు కాదే పిల్లా, పాడే గొంతు."

మన భాషలో రెండింటికీ ఒకటే మాట, నన్నేం చేయమంటారు!

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఎనభైల్లో విశాఖపట్నంలో ఒక పాప్ బ్యాండుకి ఈవిడే లీడ్ సింగర్. వెనకాల రైల్వే క్వార్టర్సు కుర్రాళ్ళు, ముందు మైకు దగ్గర ఈవిడ. ఇంగ్లీషు పాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని, అర్థం ఒక్క ముక్క తెలియకుండా బట్టీపట్టి పాడేదట. నాకు నవ్వాగలేదు. పెళ్ళయ్యాక మానేసింది. ఊరికొచ్చేస్తోందని తెలిసి పాత బ్యాండువాళ్ళు మళ్ళీ పాడదాం రమ్మన్నారు. పంపించేస్తున్నారన్న దిగులంతా ఆ ఒక్క పిలుపుతో మరిచిపోయింది.

సర్జన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాట పలికించే నరం వేరు, గొంతుని పై స్థాయికి లాగే నరం వేరు. రెండోది వెంట్రుకంత సన్నం, గడ్డ పైభాగాన్ని ఆనుకుని ఉంది. మొదటిదాన్ని జాగ్రత్తగా కాపాడతాను, రెండోదానికి మాటివ్వలేను అన్నాడు. తను ఏం కాపాడాలో తెలియాలి, ఒకసారి పాడమన్నాడు.

తెర లాగాను. నెమ్మదిగా మొదలుపెట్టి ఆంటీ ఎక్కడికో ఎక్కేసింది. పక్క మంచం మీది ఎడారి బద్దూ ముసలమ్మ మాషా అల్లా అని మెచ్చుకుంది. ఇది రేపు పోతే ఎలాగా అనుకుంటూ తెర తీశాను.

ఆపరేషన్ బాగానే అయింది. మెలకువ రాగానే పేరు చెప్పించాం, "ఈ" అనిపించాం, ఖంగుమని పలికింది. కుట్లు ఆరి చెకప్‌కి వచ్చినప్పుడు సర్జన్ ఆ పాటే మళ్ళీ పాడమన్నాడు. కింద అంతా బాగుంది, పైకెక్కే చోట చీలిపోయింది. మళ్ళీ పాడింది, మళ్ళీ అంతే. కొందరికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నాడాయన. అది తెలుగులో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. ఈలోగా ఆవిడకే అర్థమైపోయింది, చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కాసేపటికి అదే పాట ఒక శ్రుతి తగ్గించి ఎత్తుకుంది. ఎక్కడా చీలలేదు. చివరిదాకా పాడి, నా ముందే బ్యాండు లీడరుకి ఫోన్ చేసింది.

"ఒరే బాబీ, క్యాసెట్టులో ఉన్న స్కేలే వాయిస్తామని పంతం పట్టేవోళ్ళు కదరా మీరు. నేనే గొంతు చించుకుని ఎక్కేదాన్ని. ఇప్పుడు మీరు దిగండి. దిగకపోతే నేను రాను."

అవతల ఏమన్నాడో వినిపించలేదు. ఆంటీ ఫోను పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"దిగుతాడంట."

పోయినదాన్ని తిరిగి తెప్పిస్తేనే బాగుచేసినట్టు అనుకునేదాన్ని అంతవరకూ. ఇప్పుడు డిశ్చార్జి రోజున పేషంటు పక్కనే ఇంటివాళ్ళని కూడా కూర్చోబెడతాను. ఇకమీద చేయలేనివేవో చెప్పి, ఈవిడ ఇంతవరకే ఎక్కగలదు, మీరెంత దిగుతారు అని వాళ్ళనే అడుగుతాను.