ఏడు లీటర్లు, నాలుగు లీటర్లు

“కోదాడల నిమిషానికి ఏడు లీటర్లన్నరు, సూర్యాపేటల నాలుగన్నరు. ఒక్క గుండెకు రెండు లెక్కలేంది అల్లుడా? ఎవలో ఒగలు అబద్ధమాడుతున్నరు.”

“అబద్ధం కాదత్తయ్యా. కోదాడలో ఎకో తీశారు, సూర్యాపేటలో నరంలోకి తీగ పంపి చూశారు. పద్ధతులు వేరండీ.”

“గుండె గూడ వేరేనా?”

మొన్న బీరువా సర్దుతుంటే ఆ రెండు రిపోర్టులూ బయటపడ్డాయి. మిర్యాలగూడలో మా ఇంటి వసారాలో జరిగిన ఈ పోట్లాట మళ్లీ చెవిన పడ్డట్టయింది. మా ఆయన గుండెలో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని, ఆపరేషన్ ఆలస్యమైతే గుండె పూర్తిగా అలిసిపోతుందని డాక్టర్ల మాట. కోదాడ అల్లుడు హైదరాబాద్‌లో బెడ్డు కూడా మాట్లాడిపెట్టాడు. నేనే కదలనివ్వలేదు. నేను చదివింది మూడో తరగతి. అయినా ఏడుకూ నాలుగుకూ తేడా తెలుసు. ఎకో తీసినవాళ్ల మీద అనుమానం, తీగ పంపినవాళ్ల మీద అనుమానం, సూర్యాపేట డాక్టరు అల్లుణ్ణి పాత చుట్టంలా పలకరించాడని అతని మీద కూడా అనుమానమే. ఆయన నాలుగడుగులకోసారి గోడ పట్టుకుని నిలబడుతుంటే చూస్తూ కూడా, మూడోచోట పరీక్ష చేయించాల్సిందేనని పట్టుబట్టాను.

దిండుకు ఆనుకుని కూర్చున్న ఆయన ఆయాసం ఆపుకుని, “వేములపల్లి బావి యాదికున్నదా?” అన్నాడు.

ఎందుకు లేదు. మోటరు నిండుగా గుంజుతున్నదని మెకానిక్ చెప్తే, మడిలోకి సన్నగా పారుతున్న నీళ్లు చూపించి వాణ్ణి దొంగ అన్నాను. మంచి మోటరు తీయించి కొత్తది పెట్టించాను. అయినా వరి ఎండింది. బావి లోపల పైపు పగిలి, ఎక్కిన నీళ్లు సగం మళ్లీ బావిలోనే పడుతున్నాయట. ఈయన ఒడ్డున పడుకుని చెవి పెట్టి ఆ చప్పుడు వింటేగాని తెలియలేదు.

“ఎకోవాళ్లు గుండె కొట్టేదంత లెక్కవెట్టిన్రు. తీగోళ్లు ఒంటికి చేరేది లెక్కవెట్టిన్రు. నడుమల మూడు లీటర్లు ఎనక్కి పోతున్నయి. ఇద్దరు నిజమే చెప్పిన్రు. ఈసారి గూడ మెకానిక్‌తోనే కొట్లాడుతవా?”

“డాక్టరు గారు కూడా అదే చెప్పారండీ,” అన్నాడు అల్లుడు.

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్పాను. మీరు మధ్యలోనే లేచెళ్లిపోయారు.”

నేను లేచి ఆయన బట్టలు సంచిలో పెట్టడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్నే అల్లుడి కారులో హైదరాబాద్ వెళ్లాం. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయమన్నారు. కాగితం మొత్తం చదివి వినిపించమన్నాను. నర్సు రెండుసార్లు చదివింది. సంతకం చేశాను.